పసిపాపల టోపీలు – కోరమండల్ తీరపు రంగులు

విజయవాడ నుండి మచిలీపట్నం పోయే రహదారిలో పామర్రు ఒక కూడలి. ఇక్కడ చీలిన దారి ఒకటి గుడివాడ వైపు, మరొకటి కూచిపూడి వైపు పోతుంది. రహదారి వెంటనే సాగితే సుమారు 30 కిలోమీటర్ల దూరంలో మచిలీపట్నం, అనగా బందరు, వస్తుంది. బందరుకు చేరువనే పెడన ఉన్నది. కొయ్య అచ్చులతో బట్టలమీద పువ్వులు అద్దే పని పెడనలో నేటికీ సాగుతున్నది. ఈ చుట్టుపక్కల పాఠశాలల్లో చదివే విద్యార్థులకు కలంకారీ అనగానే దుప్పటి, తెర, చీర గుర్తుకు వస్తవి. కాని ఈ తీరపు అద్దకపు గుడ్డ ఒకప్పుడు వేల మైళ్ల దూరాన, మంచు కురిసే దేశాలలో, పసిపాపల తలలమీద టోపీ అయి కూర్చున్నదని తెలిసినవారు తక్కువ.

ఆ టోపీలు కొన్ని నేటికీ భద్రంగా ఉన్నవి. నెదర్లాండ్సు దేశపు రాజధాని ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలోను, ఆ దేశపు ఉత్తర భాగమైన ఫ్రీస్లాండులో లేవార్డెన్ నగరంలోని ఫ్రీస్ మ్యూజియంలోను వాటిని చూడవచ్చును. ఒక్కొక్క టోపీ అరచేతిలో ఇమిడేటంత ఉంటుంది. తెల్లని నేలమీద ఎర్రని పువ్వులు, నీలి ఆకులు, సన్నని నల్లగీతలు. మ్యూజియంవారు వ్రాసే వివరంలో సాధారణంగా రెండు స్థలాలు ఉంటవి: గుడ్డకు రంగులు వేసినది భారతదేశపు కోరమండల్ తీరంలో, టోపీగా కుట్టినది నెదర్లాండ్సులో. తీరం పేరు ఉంటుంది కాని, రంగువేసిన ఊరి పేరు గాని, మనిషి పేరు గాని ఉండదు.

ఇంత చిన్న వస్తువుకు చరిత్రలో స్థానమేమిటని అడుగవచ్చును. ఖడ్గాలు, నాణేలు, శాసనాలు రాజుల సంగతి చెప్పుతవి. పసిపాప టోపీ చెప్పేది వేరు. రంగు ఎంత గట్టిదో పరీక్షించడానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష మరొకటి లేదు. గోడకు వ్రేలాడే తెరను ఏడాదికి ఒకసారి ఉతికినా చాలును. శిశువు టోపీ అట్లా కాదు. చెమట, చొంగ, కక్కిన పాలు, తలకు రాసిన నూనె అన్నీ దానికి తగులుతవి. దానిని మాటిమాటికి ఉతకవలసినదే. ఉతికిన కొద్దీ రంగు కారితే పాప నుదురు ఎర్రబడుతుంది. అటువంటి వస్తువుకు కోరమండల్ గుడ్డను ఎన్నుకొన్నారంటే ఆ రంగుల గట్టిదనాన్ని తల్లులు ఎంత నమ్మినారో తెలుస్తుంది. ఆ నమ్మకం వట్టిది కాదనడానికి మ్యూజియం పెట్టెల్లోని టోపీలే సాక్ష్యం.

శిశువు తలకు టోపీ ఎందుకు?

పసిపిల్లల తలను కప్పే ఆచారం చాల దేశాలలో ఉన్నది. దీనికి శరీరశాస్త్రంలో కారణం ఉన్నది. పెద్దవారి శరీరపు ఉపరితలంలో తల భాగం సుమారు 9 శాతం మాత్రమే. శిశువులో ఇది సుమారు 18 శాతం. అనగా శిశువు శరీరంతో పోల్చి చూస్తే తల చాల పెద్దది. చలిలో తల బయట ఉంటే శరీరపు వేడి ఆ మేరకు త్వరగా పోతుంది. ఇంతే కాదు. శిశువు నడినెత్తిన కపాలపు ఎముకలు ఇంకా కలియక మెత్తని చోటు ఒకటి ఉంటుంది. దానిని మనవారు మాడు అంటారు. అది సాధారణంగా ఏడాది నుండి ఏడాదిన్నర వయసు లోపల పూడుతుంది. మన ఇండ్లలో పెద్దవాళ్లు మాడుకు ఆముదం పెట్టినట్లే, ఐరోపా తల్లులు దానిమీద టోపీ పెట్టేవారు.

17, 18వ శతాబ్దులలో ఐరోపాలో పసిపాపలకు పగలు, రాత్రి టోపీ ఉండేది. తరచుగా ఒకటి కాక రెండు. లోపల తెల్లని నార బట్ట టోపీ. దానిమీద అందమైన పై టోపీ. నడక నేర్చే పిల్లలు క్రిందపడితే దెబ్బ తగలకుండా దూది వంటి మెత్తని పదార్థం కూరిన మందపు పట్టీని తలచుట్టూ కట్టే అలవాటు కూడ ఉండేది. డచ్చి భాషలో దానికి పడేవాని టోపీ అని అర్థం వచ్చే పేరున్నది. 17వ శతాబ్దపు డచ్చి చిత్రాలలో అటువంటి టోపీ పెట్టుకొన్న పిల్లలు కనబడుతారు.

పై టోపీని సాధారణంగా మూడు ముక్కలతో కుట్టేవారు. నుదుటి నుండి మెడ వరకు నడుమ ఒక పట్టీ. చెవులను కప్పే ప్రక్క ముక్కలు రెండు. లోపల అస్తరు, అంచున లేసో రిబ్బనో. ఇందుకు కావలసిన గుడ్డ చాల కొద్ది. అందుచేత పెద్దవాళ్ల గౌనో, రవికెయో కుట్టగా మిగిలిన ముక్క, లేక చిరిగిన ఉడుపులో బాగుగా ఉన్న భాగం, పాప టోపీకి సరిపోయేది. ఖరీదైన గుడ్డను ఎవరూ పారవేయరు. పాత ఉడుపులు ఎన్నో రూపుమాసి పోయినా వాటి ముక్కలు టోపీలుగా మిగలడానికి ఈ పొదుపు కూడ ఒక కారణం. బిడ్డ పెరిగిన తరువాత టోపీని జ్ఞాపకంగా పెట్టెలో దాచే తల్లులు అన్ని దేశాలలోను ఉంటారు.

బందరు రేవు

ఈ గుడ్డ అంతదూరం పోయిన వైనం బందరు చరిత్రలో భాగం. 16, 17వ శతాబ్దులలో మచిలీపట్నం గోలకొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు. పారశీక వర్తకులు ముందునుండే ఇక్కడ ఉన్నారు. కలంకారీ అన్న మాట పారశీకమే. కలంతో చేసిన పని అని అర్థం. మన పాత తెలుగులో ఈ రంగుల గుడ్డను చీటి అన్నారు. హిందీ ఛీంట్, ఇంగ్లీషు చింట్జ్, డచ్చి సిట్స్ అన్నీ ఈ కుటుంబపు మాటలే. చుక్కలు చల్లినట్టి గుడ్డ అన్నది మూలార్థం.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. 1605లో ఆ కంపెనీవారు మచిలీపట్నం చేరినారు. 1606లో గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా నుండి వర్తకానికి అనుమతి పొందినారు. ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను వచ్చినారు. మొదట్లో డచ్చివారికి కావలసినది ఐరోపాకు బట్టలు పంపడం కాదు. తూర్పు దీవులలో మిరియాలు, లవంగాలు, జాజికాయలు కొనవలెనంటే అక్కడివారు వెండికంటె కోరమండల్ గుడ్డలనే ఎక్కువగా కోరేవారు. అందుచేత ఈ తీరపు గుడ్డ సుగంధద్రవ్యాలకు మారకం అయినది. 17వ శతాబ్దం గడిచేకొద్దీ ఐరోపాలోనే ఈ గుడ్డకు గిరాకి పుట్టింది. ముందు పక్క దుప్పట్లు, తెరలు, తరువాత ఉడుపులు, ఉడుపుల వెంట టోపీలు.

1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న విలియం మెత్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు గోలకొండ రాజ్యాన్ని గురించి వ్రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. ఈ తీరపు రంగుల గుడ్డలను అతడు మెచ్చుకొన్నాడు. ఎన్నిసార్లు ఉతికినా, గుడ్డ ఉన్నంతకాలం రంగు ఉంటుందన్నది అతని సాక్ష్యం. దానికి కారణం నిజాంపట్నం ప్రాంతంలో పెరిగే ఒక వేరు అని కూడ అతడు గుర్తించినాడు. అదే మన చిరువేరు.

వేరులోని ఎరుపు

చిరువేరు చిన్న మొక్క. వృక్షశాస్త్రంలో దీని పేరు ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. కాఫీ, మంజిష్ఠ ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే. దీని వేళ్ల పైపొరలో అలిజరిన్ అనే పదార్థం ఉన్నది. ఒక్క అలిజరిన్‌తో గుడ్డకు గట్టి రంగు రాదు. పటిక నీటితో తడిపిన గుడ్డను ఆ వేళ్ల కషాయంలో ఉడికిస్తే పటికలోని అల్యూమినియం ఒక ప్రక్క నూలుపోగును, మరొక ప్రక్క అలిజరిన్‌ను పట్టుకొంటుంది. పటిక మధ్యవర్తి వంటిది. ఈ కలయికలో కాల్షియం కూడ చేరితే ఎరుపు నిండుగా, నిలుకడగా వస్తుంది. సముద్రతీరపు ఇసుకనేలలో గవ్వలు, నత్తగుల్లలు అరిగిపోయిన పొడి ఉంటుంది. అది కాల్షియం గలది. అటువంటి నేలలో పెరిగిన చిరువేరుకు మంచి పేరుండడంలో ఆశ్చర్యం లేదు.

ఒకసారి ఈ కలయిక ఏర్పడితే అది నీటిలో కరగదు. అందుచేతనే పాప టోపీని ఎంత ఉతికినా ఎరుపు పోలేదు. అలిజరిన్‌ను ఐరోపా రసాయనశాస్త్రజ్ఞులు మంజిష్ఠజాతి వేరునుండి విడదీసినది 1826లో. గ్రేబే, లీబర్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో దానిని తయారుచేసినది 1868లో. వేరులో ఉన్నది ఏ పదార్థమో పేరు తెలియకముందే, దానిని పటికతో బంధించి గుడ్డలో నిలిపే విధానం మన అద్దకపువారి చేతిలో ఉన్నది.

ఒక్క గుడ్డకు ఎన్ని పనులు?

ఈ విధానాన్ని వివరంగా వ్రాసిపెట్టిన ఐరోపావారిలో ముఖ్యుడు కేర్దూ అనే ఫ్రెంచి జెసూయిట్ మతబోధకుడు. ఇతడు తెలుగు, సంస్కృతం నేర్చినవాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో ఉన్న పోలికలను గురించి 1767లో పారిస్ పండితులకు వ్రాసిన వాడుగా భాషాశాస్త్రజ్ఞులకు పరిచితుడు. కోరమండల్ తీరంలో తనకు తెలిసిన అద్దకపువారిని అడిగి, వారి పనిని 1742లో ఒక జాబులో వర్ణించినాడు. ఆ వర్ణనలోను, ఇతర వ్రాతలలోను కనబడే క్రమం ఇది:

మొదట గుడ్డను పేడనీటిలో నానబెట్టి, ఉతికి, ఎండవేసి తెల్లబరచేవారు. తరువాత కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేసేవారు. కరక్కాయలోని వగరుపదార్థం రంగును పట్టుకొనడానికి సాయపడుతుంది. పాలలోని వెన్న, తడి ప్రక్కలకు పాకకుండా ఆపుతుంది. అందుచేత కలంతో గీసిన గీత సన్నగానే ఉంటుంది. కాగితంమీద చిత్రం గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి చల్లి ఆ చిత్రాన్ని గుడ్డమీదికి దించేవారు. ఇనుము ఊరవేసిన పులిసిన నీటితో నల్లగీతలు గీసేవారు. ఎరుపు రావలసిన చోట పటికనీరు పూసేవారు. పటికనీటికి రంగు లేదు కనుక, ఎక్కడ పూసినదీ తెలియడానికి దానిలో కొంచెం రంగు కలుపుకొనేవారు.

ఇక గుడ్డను చిరువేరు కషాయంలో ఉడికించేవారు. పటిక తగిలిన చోట్ల ఎరుపు గట్టిపడుతుంది. మిగతా చోట్ల అంటిన పలుచని రంగు పేడతోను, ఎండతోను, ఉతుకుతోను విరిగిపోతుంది. ఆ తరువాత నీలి. నీలిమందుకు పటిక అక్కరలేదు. కాని గుడ్డనంతటినీ నీలితొట్టిలో ముంచవలెను. కాబట్టి నీలం అక్కరలేని చోట్లన్నిటా కరిగిన మైనం పూసి, అప్పుడు తొట్టిలో ముంచేవారు. వేడినీటిలో మైనం తీసివేసిన తరువాత, నీలంమీద పసుపుపచ్చని రంగు పూస్తే ఆకుపచ్చ వస్తుంది. చివరకు గంజిపెట్టి, శంఖంతో రుద్ది నిగనిగలాడే మెరుగు తెచ్చేవారు.

ఇన్ని పనులు వారాలు పట్టేవి. నూలు వడికేవారు, నేసేవారు, చిరువేరు త్రవ్వేవారు, నీలి తొట్టి నడిపేవారు, చాకలివారు, కలం పట్టినవారు, అందరి చేతులూ ఆ గుడ్డలో ఉన్నవి. టోపీ వివరంలో కోరమండల్ తీరం అన్న రెండు మాటలక్రింద దాగినది ఈ జనమే.

టోపీని చదవడం ఎట్లా?

పేరు లేకపోయినా, గుడ్డ తన సంగతి తానే కొంత చెప్పుతుంది. మ్యూజియంలలో పనిచేసేవారు దానిని చదువుతారు. విద్యార్థులు కూడ ఈ గుర్తులను తెలిసికొనవచ్చును.

మొదటిది, ఆకులు. ఈ పాత టోపీలలో ఆకులు తరచు నీలంగా కనబడుతవి. నీలి ఆకులు గల చెట్టు ఎక్కడిది? వేసినపుడు అవి ఆకుపచ్చనివే. పైన పూసిన పసుపుపచ్చ రంగు వెలుతురుకు, ఉతుకుకు ఆగలేక పోయినది; క్రింది నీలం నిలిచినది. రెండవది, నల్లగీతలు. కొన్ని టోపీలలో గీత ఉన్నచోట గుడ్డ చివికి బెజ్జాలు పడినవి. ఇనుము, కరక్కాయ వగరు కలిసి నలుపు ఇస్తవి. ఆ ఇనుమే కాలక్రమాన నూలుపోగును తినివేస్తుంది. మూడవది, నీలం అంచులు. మైనం బీటలువారిన చోట నీలిమందు దూరి సన్నని నీలి నరాలవలె కనబడుతుంది. నాలుగవది, పువ్వుల పోలిక. అచ్చుతో వేస్తే ప్రతి పువ్వూ ఒకేరీతిగా ఉంటుంది. కలంతో వేస్తే పక్కపక్క పువ్వులలో కూడ చిన్న తేడా ఉంటుంది.

ఈ గుర్తులు చాలనప్పుడు రసాయనశాస్త్రం సహాయానికి వస్తుంది. 18వ శతాబ్దంలో ఐరోపావారు తామే ఇటువంటి గుడ్డలు అద్దడం నేర్చుకొన్నారు. వారు వాడినది ఐరోపా మంజిష్ఠ వేరు. దానిలో అలిజరిన్‌తోపాటు పర్పురిన్ అనే మరొక ఎర్రని పదార్థం ఉంటుంది. చిరువేరులో అలిజరిన్ ఉన్నది కాని పర్పురిన్ లేదు. ఒక చిన్న దారపు తునకనుండి రంగును కరిగించి, క్రోమటోగ్రఫీ పద్ధతిలో దాని భాగాలను విడదీసి చూస్తే గుడ్డలోని ఎరుపు ఏ వేరుదో చెప్పవచ్చును. ఈ పరీక్ష టోపీ మన తీరపు రంగుదా, ఐరోపా అనుకరణా అన్నది తేల్చగలదు. అది బందరుదా, పులికాటుదా, నాగపట్నందా అన్నది తేల్చలేదు. చిరువేరు తీరమంతటా వాడుకలో ఉన్నది కనుక, మ్యూజియం వివరం కోరమండల్ అన్న మాట దగ్గరనే ఆగుతుంది. ప్రతి టోపీనీ బందరుదే అని చెప్పుకొనడం శాస్త్రీయం కాదు. బందరు ఈ వర్తకానికి ముఖ్యమైన రేవులలో ఒకటి; దాని రంగులు ఆ తీరమంతటిలో పేరెన్నికగన్నవి. ఇంతవరకు చెప్పడానికి సాక్ష్యం ఉన్నది.

నిషేధం లేని దేశంలో

ఇటువంటి ఉడుపులు, టోపీలు నెదర్లాండ్సులో ఎక్కువగా నిలవడానికి చట్టాలు కూడ ఒక కారణం. భారతీయ గుడ్డల దిగుమతివల్ల తమ నేతగాండ్రు నష్టపోతున్నారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు సాగింది. ఇంగ్లండు పార్లమెంటు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం చేసింది. రంగులద్దిన నూలు గుడ్డలు ధరించడమే నేరమైనది. ఆ ఆంక్షలు 1774లో తొలగినవి. డచ్చివారు అటువంటి నిషేధం పెట్టలేదు. వారి దేశంలో రైతుకుటుంబాలకు, నావికుల ఇండ్లకు కూడ ఈ గుడ్డ చేరింది. ఫ్రీస్లాండులోని హిండెలోపెన్ అనే రేవు పట్టణంలో కోరమండల్ గుడ్డతో కుట్టిన పొడుగు అంగీ స్త్రీల సంప్రదాయ వేషమైనది. అక్కడ సంతాప సమయాలలో ఎరుపు లేని నీలం–తెలుపు గుడ్డలు ధరించేవారు. ఒక దూరదేశపు రంగు, మరొక దేశపు పుట్టుకలోను, చావులోను పాలుపంచుకొన్నది.

ఆ సంపదను ఫ్రీస్ మ్యూజియం 2017లో పెద్ద ప్రదర్శనగా పెట్టింది. 2021లో ఆ సేకరణలోని వస్తువులు లండనులోని ఫ్యాషన్ అండ్ టెక్స్‌టైల్ మ్యూజియంలో ప్రదర్శింపబడినవి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, కెనడాలో టొరంటోనగరపు రాయల్ ఒంటారియో మ్యూజియం సేకరణలను ఆధారంగా చేసికొని జాన్ ఇర్విన్, కాథరిన్ బ్రెట్ అనే పండితులు 1970లో ప్రకటించిన గ్రంథం ఈ గుడ్డల చరిత్రకు ప్రామాణికమైనది.

వర్తకం మాత్రం నిలువలేదు. ఫ్రాన్సులో ఒబెర్‌కాంఫ్ 1760లో జూయీ గ్రామంలో అద్దకపు కర్మాగారం పెట్టినాడు. స్కాట్లండువాడైన థామస్ బెల్ 1783లో తిరిగే రాగి దొంతులతో గుడ్డకు రంగులు అచ్చొత్తే యంత్రానికి హక్కు పొందినాడు. వారాలు పట్టే పని గంటలలో ముగిసింది. 19వ శతాబ్దంలో బందరు గుడ్డలు ముఖ్యంగా పారశీక దేశానికి పోయేవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరును ముంచివేసింది. సుమారు 30,000 మంది చనిపోయినారు. ఆ దెబ్బనుండి రేవు తన పూర్వవైభవానికి తిరిగి రాలేదు.

మన ఇండ్లలో ఏమి మిగిలింది?

రంగులద్దిన చోట పాత గుడ్డ మిగలడం అరుదు. కృష్ణా డెల్టాలో తేమ ఎక్కువ, చెదలు ఎక్కువ. గోలకొండకాలపు మంచి అద్దకపు పరుపులు కొన్ని రాజస్థానంలోని అంబరు రాజుల వస్తుశాలలో నిలిచినవంటే, అక్కడి పొడిగాలి కూడ కారణమే. ఇంతేగాక మన ఆచారం వేరు. పుట్టిన బిడ్డకు మనవారు కొత్తబట్ట తొడగరు. ఉతికి ఉతికి మెత్తబడిన పాతచీర ముక్కలనే పొత్తిగుడ్డలుగా వాడుతారు. అది బిడ్డ లేత చర్మానికి మేలుచేసే అలవాటు. కాని అట్లా వాడిన గుడ్డ చివరిపోగు వరకు అరిగిపోతుంది. దాచడానికి ఏమీ మిగలదు. చలిదేశంలో గుడ్డ టోపీ అయి నిలిచింది. మన దేశంలో గుడ్డ బిడ్డకు సేవచేసి నశించింది.

అయినా మాట మిగిలింది. పసిపిల్లల టోపీని మన పెద్దలు కుళ్లాయి అంటారు. ఇది పారశీకపు కులాహ్ అనే మాటనుండి వచ్చినది. విజయనగరకాలంలో కుళ్లాయి రాజసభకు తగిన శిరోవేష్టనం. తిరుమలలోని కృష్ణదేవరాయల విగ్రహం తలమీద ఉన్న పొడుగు టోపీ అటువంటిదే. కన్నడదేశపు కొలువుకు పోవడానికి తాను కుళ్లాయి పెట్టవలసివచ్చినదని శ్రీనాథుడు చెప్పుకొన్నట్లు ఒక చాటువు ప్రసిద్ధం. రాజుల తలమీది ఆ మాట కాలక్రమాన చంటిబిడ్డ తలమీదికి దిగింది. పారశీకం నుండి టోపీ పేరు మనకు వచ్చింది. మన తీరంనుండి టోపీగుడ్డ ఐరోపాకు పోయింది.

పాఠశాలలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని రెండు విధాల తరగతికి తేవచ్చును. మొదటిది ప్రయోగం. గంజి పోయేటట్లు ఉతికిన తెల్లని నూలు గుడ్డను కరక్కాయపొడి కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేయవలెను. పటిక కరిగించిన నీటితో దానిమీద కుంచెతో ఒక పువ్వు గీసి, పూర్తిగా ఆరనివ్వవలెను. తరువాత మూలికల దుకాణంలో దొరికే మంజిష్ఠపొడిని నీటిలో వేసి, ఉపాధ్యాయుని ఎదుట ఆ గుడ్డను సన్నని మంటమీద అరగంట ఉంచి, బాగుగా ఉతకవలెను. పటిక తగిలిన పువ్వు ఎర్రగా నిలుస్తుంది. మిగతా గుడ్డమీది రంగు ఉతుకుతో పలుచబడుతుంది. తుప్పుపట్టిన మేకులు, బెల్లం నీటిలో కొన్నాళ్లు ఊరవేసి, ఆ నీటితో కరక్కాయ గుడ్డమీద గీత గీస్తే నల్లనిది అవుతుంది. కేర్దూ వర్ణించిన పనిలో ముఖ్యమైన రసాయన రహస్యం ఈ రెండు పరీక్షలలోనే ఉన్నది.

రెండవది సేకరణ. అమ్మమ్మల పెట్టెల్లో చేతితో కుట్టిన కుళ్లాయిలు, ఊలుతో అల్లిన చెవుల టోపీలు ఎక్కడైనా దొరకవచ్చును. పామర్రు, కూచిపూడి, పెడన వంటి ఊళ్ల విద్యార్థులు అట్టివాటిని అడిగి చూసి, ఇంటివారు ఇష్టపడితే పాఠశాలలో ఒక బీరువాలో ఉంచవచ్చును; ఇవ్వలేని వాటి బొమ్మ గీసికొని వివరం వ్రాసికొనవచ్చును. ఎండ తగలనీయక, తేమలేని చోట, మడతలు తక్కువగా ఉండేటట్లు, తెల్లని నూలు గుడ్డలో చుట్టి ఉంచవలెను. మరచిపోకూడని పని ఇంకొకటి ఉన్నది. ప్రతి టోపీతోపాటు ఒక చీటీమీద ఊరు, ఏడు, దాని గుడ్డ ఎక్కడిది, ఎవరు కుట్టినారు అన్న వివరం వ్రాయవలెను.

లేవార్డెన్‌లోను, ఆమ్‌స్టర్‌డాంలోను ఉన్న టోపీలకు ఎరుపు నిలిచింది, నీలం నిలిచింది, డచ్చి తల్లి సూదికుట్టు కూడ నిలిచింది. కలం పట్టినవాని పేరు ఒక్కటే నిలువలేదు. ఆనాడు దానిని ఎవరూ వ్రాయలేదు. ఒక్క పంక్తి వ్రాసి ఉంటే, మూడువందల ఏండ్ల తరువాత ఏ పరీక్షా చెప్పలేని సంగతి అది చెప్పి ఉండేది. ఈనాటి కుళ్లాయి విషయంలో ఆ పంక్తి వ్రాయడం మన చేతిలో ఉన్నది.